నివేదిక మన గురించి, బీరువా వాళ్ళది

దళితుల గురించి సర్కారు రాయించిన కాగితం తక్కువేం కాదు. అంటరానితనం మీద 1969లో ఇళయపెరుమాళ్ కమిటీ నివేదిక ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళిత, ఆదివాసుల మీది వివక్ష, అత్యాచారాలపై 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఇచ్చింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 21(4) ప్రకారం కేంద్రం ఏటా పార్లమెంటు ముందు నివేదిక పెట్టాలి. రాజ్యాంగం 338వ అధికరణం కింద జాతీయ కమిషన్ నివేదికలూ సభల ముందుకే పోతాయి. సభ ముందు పెడితే చాలు, వాడ ముందు పెట్టనక్కర్లేదా? మా విమర్శ ఇక్కడే మొదలవుతుంది.

గ్రంథాలయ చట్టాలు ఈ లోటు తీరుస్తాయా అంటే, అదీ లేదు. 1954 చట్టం ప్రకారం ప్రచురణ ప్రతులు కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకు చేరాలి. ఒక్కటీ తెలుగునేల మీద లేదు. ప్రభుత్వ ప్రచురణలకూ ఆ చట్టం వర్తిస్తుంది గానీ, 'అధికార వినియోగానికి మాత్రమే' అన్నవాటికి మినహాయింపు ఉంది. ఆ ముద్ర వేసేదెవరు? నివేదిక ఎవరిని తప్పుపట్టిందో వాళ్ళే వేస్తే అడిగే దిక్కేది?

ఇటు 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు సెస్సు. గూడెంలో ఇల్లున్నవాడూ కట్టాల్సిందే. ఆ డబ్బుతో నడిచే శాఖా గ్రంథాలయంలో వాడికి నవల దొరుకుతుంది, దినపత్రిక దొరుకుతుంది. వాడి మీద జరిగిన దాడి గురించి కమిషన్ ఏం చెప్పిందో మాత్రం దొరకదు. చీరాల పక్కనే వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వెలిసింది. 1985లో కారంచేడు బాధితులు తలదాచుకున్నదీ ఆ చీరాలలోనే. గ్రంథాలయోద్యమం అంటూ మనం గొప్పగా చెప్పుకునే చరిత్రను ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇప్పుడన్నీ ఇంటర్నెట్లో ఉన్నాయి గదా అంటారు. కొన్ని ఉన్నాయి, నిజమే. కానీ వందల పేజీల ఇంగ్లీషు పెట్టేసి ప్రజలకు చెప్పేశాం అంటే ఎట్లా? సమాచారం స్థానిక భాషలో అందించడాన్ని పట్టించుకోవాలని 2005 సమాచార హక్కు చట్టం 4(4) చెబుతోంది. ఆ మాట అమలుకు గ్రామ గ్రంథాలయం కంటే దగ్గరి చోటు ఏముంది?

మాలోనే ఒక భయమూ ఉంది. నివేదికల్లో బాధితుల, సాక్షుల పేర్లుంటాయి. అవి ఊళ్ళో బల్లమీదికొస్తే మళ్ళీ వాళ్ళమీదే పడతారు. అందుకు పేర్లు తీసి అచ్చెయ్యాలి, అంతేగానీ నివేదికనే దాచకూడదు.

కాబట్టి మేమడిగేది చిన్నదే. ప్రతి శాఖా గ్రంథాలయానికీ తెలుగులో ఒక ప్రతి, తీసుకున్న చర్యల పత్రంతో సహా. సాక్ష్యం చెప్పినవాడు తన సాక్ష్యం ఏమైందో చదువుకోగలగాలి. అది కూడా న్యాయంలో భాగమే.