అట్ట మీది ముసుగు

ఈ వారం చిరాకు మళ్లీ పుస్తకాల అట్టల మీదే. ఈ కాలమ్ చదివేవాళ్లకు ఇది పాత గొడవ. అరబ్ స్త్రీ రాసిన నవల ఇంగ్లిష్‌లో వచ్చిందంటే చాలు, అట్ట మీద నల్ల ముసుగు, అందులోంచి రెండు కాటుక కళ్లు. లోపల కథ ఏదైనా సరే. 2019లో ఇంటర్నేషనల్ బుకర్ అందుకున్న ఒమన్ రచయిత్రి జోఖా అల్‌హార్తీ 'సెలెస్టియల్ బాడీస్'లో మనసులో నిలిచిపోయే మనిషి జరీఫా అనే బానిస. షావుకారు కొడుకును పెంచింది ఆమే. ఒమన్‌లో బానిసత్వం రద్దయింది 1970లో, అంటే నిన్నమొన్న. ఈ ముసుగు గోల పక్కనపెట్టి ఇంట్లో చాకిరీ ఎవరిదో చూస్తే చాలదా అనిపిస్తుంది.

చాలదంటుంది లైలా అబూలేలా నవల 'మినరెట్' (2005). ఖార్తూమ్‌లో నౌకర్లున్న ఇంట్లో పెరిగిన నజ్వా, సైనిక తిరుగుబాటు తర్వాత లండన్ చేరి, చివరకు పీహెచ్‌డీ చేస్తున్న ఒక డబ్బున్న అమ్మాయి ఇంట్లో పనిమనిషిగా కుదురుతుంది. ఒకప్పటి ఫ్యాషన్ల పిల్ల తనంతట తానే తలకు గుడ్డ చుట్టుకుంటుంది. మసీదులో ఆడవాళ్ల మధ్య ఆమె పెద్దింటి బిడ్డా కాదు, పనిమనిషీ కాదు. ఆ గుడ్డను తీసేస్తే నవలే లేదు. తెలుగులో షాజహానా తన కవిత్వానికి 'నఖాబ్' అని పేరు పెట్టుకోవడమూ ఇలాంటిదే. అట్ట వేసేవాడు తగిలించిన ముసుగు వేరు, రాసే మనిషి తానై ఎత్తుకున్నది వేరు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు ఎక్కువగా వెళ్లేది అమెరికాకు కదా, ఈ కథలు మనకెందుకు అనొచ్చు. అందుకే కావాలి. వంగూరి ఫౌండేషన్ ఏళ్లుగా అమెరికా తెలుగు కథానికలు అచ్చేస్తోంది. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో కువైట్‌కు ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా వెళ్లి, యజమానురాలిని 'మామా' అని పిలుస్తూ ఏళ్లు గడిపిన మనిషి మాత్రం మనకు ఎక్కువగా పేపర్లోనే కనిపిస్తుంది, అదీ ఆపద వస్తేనే. పరాయి దేశం వెళ్లిన చదువుకున్న అమ్మాయినీ పనిమనిషినీ మనం వేరుచేసి పెట్టుకున్నాం. అబూలేలా ఆ ఇద్దరినీ ఒక్క నజ్వాలో చూపించింది. చదువూ ఇంగ్లిషూ ఉన్న నజ్వా ఎక్కడ, ఖద్దామా ఎక్కడ అంటే నిజమే, ఇద్దరి కష్టం ఒకటి కాదు. అందుకే నజ్వా కథ ఖద్దామా కథకు బదులు కాలేదు. నల్లగొండ స్కైబాబా 2004లో 'వతన్' పేరుతో ముస్లిం కథలను ఒకచోటికి తెచ్చినట్టు, ఖద్దామాల కథలనూ ఎవరైనా తేవాలి, వాళ్లు చెబుతుంటే రాసుకున్నా సరే. వాటిలో మామాను రాక్షసిగా చూపిస్తే సరిపోదు. ఆ ఇంట్లో మామా ఎవరి మాటకు తల వంచుతుందో ఖద్దామాకు తెలిసినంతగా ఏ నవలాకారుడికీ తెలియదు.