పరవిద్యాపీఠ పఠనము: మల్లినాథుని సాక్ష్యము

మెదకు పట్టణమునకు కొలది దూరమున నున్న కొల్చారము కోలాచల మల్లినాథసూరి వంశస్థానమని పండితుల అభిప్రాయము. పదునాలుగు, పదునైదవ శతాబ్దుల సంధికాలమున నుండిన ఈ వ్యాఖ్యాతను మనము కాళిదాస కావ్యములకు ద్వారపాలకునిగా మాత్రమే స్మరించుచున్నాము. ఒక విద్యాస్థానమునకు చెందినవాడు మఱియొక విద్యాస్థానమున నేర్చుకొనుట ఎంతవఱకు సార్థకమను ప్రశ్నకు ఆయన వ్యాఖ్యానములలో సమాధానము కలదని నా తలంపు. నేడు తెలుగు శాఖలలో పరిశోధనకు పూనుకొన్న విద్యార్థికి ఈ ప్రశ్న తప్పించుకొనరానిది.

ముందుగా నిబంధనల సంగతి. విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను వ్యవస్థను నెలకొల్పినది. దీని ననుసరించి విద్యార్థి తాను చేరిన సంస్థలోనే గాక, నమోదైన ఇతర సంస్థలలో సంపాదించిన క్రెడిట్లను గూడ తన ఖాతాలో నిలువ చేసికొనవచ్చును. పట్టమిచ్చు సంస్థలో సగమునకు తక్కువ కాకుండ చదువవలయును. నిలువ చేసిన క్రెడిట్లు ఏడేండ్లకు మించి చెల్లవు. 'స్వయం' వేదికపై చదువదగిన భాగమును 2016లో నూటికి 20గా నిర్ణయించి, 2021లో 40కి పెంచిరి. 2022 ఏప్రిల్ 13 నాటి మార్గదర్శక సూత్రములు ఒకేసారి రెండు పట్టములకు చదువుటను అంగీకరించినవి. రెండును తరగతులకు హాజరై చదువునవైనచో వాని వేళలు ఒకదానితో నొకటి తాకరాదు. అయితే పిహెచ్.డి. విద్యార్థులను ఈ సూత్రములనుండి మినహాయించిరి.

ఈ నిబంధనలు అక్కఱకు రానివని నేననను. ఇదివఱలో ఒక విశ్వవిద్యాలయపు గడప దాటినవానికి మఱియొక గడప మూసియుండెడిది. ఆ తలుపు తెఱచుట మేలే. కాని వీని భాషను గమనింపుడు: ఖాతా, నిలువ, బదిలీ, చెల్లుబాటు. ఎంత చదివితివని అడుగునే కాని ఏల చదివితివని ఈ భాష అడుగదు. బ్యాంకువాడు అట్లడుగవలసిన పని లేదు గదా.

మల్లినాథుని పద్ధతి ఇందుకు విరుద్ధము. ఆయన తాను ఎఱిగిన శాస్త్రములను 'సంజీవని' పీఠికలో చెప్పుకొనెను. కాణాద, వైయాస, పాతంజల, అక్షపాద తంత్రములు అందు పేర్కొనబడినవి. వరదరాజుని తార్కికరక్షకు వ్యాఖ్య వ్రాసెను; విద్యాధరుని 'ఏకావళి'కి 'తరళ' వ్రాసెను. ఇంతటి సంపత్తి గలవాడు కావ్యవ్యాఖ్యలో దానినెల్ల కుమ్మరింపవచ్చును. ఆయన అట్లు చేయలేదు. మూలము లేనిది వ్రాయరాదు, అపేక్ష లేనిది చెప్పరాదు అను రెండు నియమములకు ముందే కట్టుబడెను. ఇందు మొదటి నియమమును మనము తఱచు తలచుదుము. రెండవది మఱింత కఠినము. ఏలన, తనకు తెలిసినదానిని అణచుకొనుట తెలియనిదానిని వెదకుటకంటె కష్టము.

రఘువంశము పదునేడవ సర్గమున అతిథి మహారాజు రాజనీతి వర్ణితము. అచట వ్యాకరణముతో, అలంకారముతో పని తీఱదు. మల్లినాథుడు కౌటిల్యుని కడకు, కామందకుని కడకు పోయి, వారి వాక్యములతో కాళిదాసు పదములను నిలిపెను. అర్థశాస్త్రమును శామశాస్త్రి 1909లో ప్రకటించువఱకు ఆధునిక పండితులకు ఆ గ్రంథము ఇట్టి ఉద్ధరణములవలననే పరిచితము. కావ్యముకొఱకు పరశాస్త్రమునకు పోయినవాడు ఆ శాస్త్రమునకే సాక్షియైనాడు. శిశుపాలవధ ప్రథమ సర్గమున నారదుని మహతీవీణ ప్రసక్తిలో శ్రుతి, స్వర, గ్రామ, మూర్ఛనలు వచ్చును. అచట 'సర్వంకష' సంగీతశాస్త్ర పరిభాషను విప్పిచెప్పి, పని తీఱగనే శ్లోకమునకు మరలును. పోవుట కంటె ఈ మరలుటయే ముఖ్యమని నాకు తోచును.

ఇందుపై ఒక ఆక్షేపము రావచ్చును. మల్లినాథుని కాలమున విశ్వవిద్యాలయమను సంస్థ ఈ రూపమున లేదు; ఆయన ఇల్లే విద్యాస్థానము. కుమారుడు కుమారస్వామి విద్యానాథుని ప్రతాపరుద్రీయమునకు 'రత్నాపణ' వ్రాసెననుటయే ఇందుకు తార్కాణ. అట్టి గృహమునకును, హాజరుపట్టీ గల నేటి సంస్థకును పోలిక యెక్కడిది? ఆక్షేపము కొంత నిజమే. కాని విద్యాస్థానముల నడుమ గోడలు ఆనాడు లేకపోలేదు. న్యాయగ్రంథములను మిథిల దాటనీయనందున వాసుదేవ సార్వభౌముడు వానిని కంఠస్థము చేసి నవద్వీపమునకు కొనిపోయెనని ఐతిహ్యము. కథలో అతిశయమెంతయున్నను, పరస్థానమునకు పోయినవాడు ఏది తేదలచెనో ముందే ఎఱిగి పోయెననుట అందలి సారము. కాబట్టి పోలిక సంస్థలకు గాదు, పోవువాని ఉద్దేశమునకు.

ఇక మెదకునే ఉదాహరణముగా గొందము. ఈ పట్టణపు వాఙ్మయచరిత్ర వ్రాయబూనిన తెలుగు విద్యార్థికి ఏమేమి వలయును? కోట కాకతీయులనాటిది, కావున శాసనలిపి, సంస్కృతము వలయును. కుతుబ్‌షాహీల యేలుబడిలో ఊరికి గుల్షనాబాదని పేరు. కావున పారసీకము, దక్కనీ ఉర్దూ వలయును. 1914లో ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మహాదేవాలయమును నిర్మింపజేసినవాడు చార్లెస్ వాకర్ పాస్నెట్. కావున మిషనరీల ఆంగ్లలేఖలు చదువవలయును. ఏ తెలుగు శాఖయు ఇన్నిటిని తానే బోధింపజాలదు. పోనీ, దూరమున లేవు: ఉస్మానియాలోను, 1998లో హైదరాబాదున స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయములోను పారసీక శాఖలున్నవి.

ఈ విద్యార్థికి వలసినది పారసీకమున రెండవ పట్టము కాదు, ఒక్క పత్రము. రెండు పట్టముల సూత్రము వానికి అక్కఱలేని దానిని ఇచ్చుచున్నది; అదియు పిహెచ్.డి. చేరినంతనే వర్తింపదు. 2022 నాటి పిహెచ్.డి. నియమములు 12 క్రెడిట్ల పాఠ్యభాగమును కోరుచు, అందు గుర్తింపు పొందిన ఆన్‌లైన్ పాఠములను గూడ పరిశోధక సలహాసంఘము సూచింపవచ్చునని చెప్పినవి. ద్వారము ఇచట నున్నది. కాని దాని వెడల్పు చూడవలయును. పారసీకపు అక్షరములను, అచ్చు పుస్తకమును తెరపై నేర్వవచ్చును. వంకరలు తిరిగి, చుక్కలు మానిన శికస్తా వ్రాతను గురువు ప్రక్కన కూర్చుండి వ్రేలితో చూపనిదే నేర్చుట దుష్కరము. అందుకు నూఱు కిలోమీటర్ల ప్రయాణము తప్పదు. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుండి మెదకునకు రైలు వచ్చినది. అయినను మెదకున ఉద్యోగము చేసికొనుచు పరిశోధించువానికి, వేళలు తాకరాదను నియమములో ప్రయాణపు వేళకు చోటు లేదు.

కావున నా సూచన స్వల్పము. పరపీఠమున చదువదలచిన ప్రతి పత్రమునకును ఎదురుగా, అది సిద్ధాంతవ్యాసములోని ఏ ప్రకరణమునకు కావలయునో సలహాసంఘము ముందే వ్రాసి యుంచవలయును. మౌఖిక పరీక్షలో ఆ ప్రకరణమునుండియే ప్రశ్న రావలయును. పారసీకము చదివి, ఒక్క ఫర్మానా నైనను తన వ్యాసమున వినియోగింపనివాడు క్రెడిట్లను కూడబెట్టెనే కాని పారసీకమును కూడబెట్టలేదు. పత్రములు తగ్గిపోవునని కొందఱు భయపడుదురు. తగ్గిన తగ్గనిండు.

మనవైపు లోపము గూడ కలదు. పారసీక శాఖనుండియో, చరిత్రశాఖనుండియో ఒక విద్యార్థి మెదకు కోటపై పరిశోధింపదలచి తెలుగు శాసనములు చదువుట నేర్పుడని మన కడకు వచ్చినచో, వానికి ప్రబంధయుగముతో, ఛందస్సుతో సంబంధము లేకయే ఒక్క సెమిస్టరులో చెప్పదగిన శాసనలిపి పత్రము మన శాఖలలో ఎన్నిటియందు సిద్ధముగా నున్నది?