ఓడించి నేర్పిన ఉస్తాదు

చంద్రుడి మీద దిగిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌ల పేర్లు బడిపిల్లలు కూడా చెబుతారు. రిచర్డ్ కూస్ పేరు మాత్రం చాలామంది విని ఉండరు. హ్యూస్టన్ కంట్రోల్ రూమ్‌లో కూర్చునేవాళ్లకు లేని కష్టాలు కల్పించడం ఆయన ఉద్యోగం. హోదా సిమ్యులేషన్ సూపర్‌వైజర్. అక్కడివాళ్ల నోట సిమ్‌సూప్. ఆయన పనితనం చాలా దగ్గరగా చూడదగ్గది.

వ్యోమగాములు నమూనా నౌకలో కూర్చునేవారు. కంట్రోలర్లు మాత్రం తమ అసలు కుర్చీల్లో, అసలు తెరల ముందే ఉండేవారు. ఆ తెరల మీద కదిలే అంకెలు కూస్ బృందం పంపేవి. ఏ లోపం ఏ క్షణాన రావాలో ఆయన మనుషులు ముందే రాసుకునేవారు, ఎవరికీ చెప్పేవారు కాదు. తేదీ, గంట ముందుగా చాటి జరిపే మాక్ డ్రిల్లుకూ దీనికీ ఉన్న తేడా అదే. మొదట్లో ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ బృందం ఆ ఉత్తుత్తి నౌకను కూల్చేస్తూ వచ్చింది. చంద్రుడి దాకా మాట వెళ్లి జవాబు రావడానికి రెండున్నర సెకన్లు పైనే పడుతుంది. కాగితం మీద అది అందరికీ తెలిసిన లెక్కే. పదేపదే కూలాకే అది ఒంటికి పట్టింది.

1969 జులై 5. ప్రయోగానికి ఇంకా 11 రోజులు. దిగే దశ అభ్యాసం నడుస్తుండగా నౌక కంప్యూటర్ 1201 అనే అలారం చూపించింది. మార్గనిర్దేశం చూసే స్టీవ్ బేల్స్‌కు అప్పుడు 26 ఏళ్లు. అలారం అర్థం పుస్తకంలో వెతికాడు. కంప్యూటర్‌కు పని ఎక్కువై చోటు చాలడం లేదని ఉంది. ఏం చేయాలో లేదు. అబార్ట్ అన్నాడు, నౌక వెనక్కి తిరిగింది. సురక్షితంగా బయటపడ్డామనే అందరూ అనుకున్నారు.

తర్వాతి సమీక్షలో కూస్ ఒప్పుకోలేదు. దారి సరిగ్గా ఉంది, ఇంజిన్ సరిగ్గా మండుతోంది, నౌక చెప్పినట్టు వింటోంది; అలాంటప్పుడు ఒక్క అలారాన్ని పట్టుకుని వెనుదిరగకూడదు, రెండో కారణం కూడా కనబడాలి అన్నాడు. క్రాంజ్‌కు కోపం వచ్చింది. కానీ ఆ సాయంత్రమే బేల్స్ తన వాళ్లతో కూర్చుని తరచి చూసి, కూస్ చెప్పిందే నిజమని ఫోన్ చేశాడు.

ఇంజిన్ ఆగిపోయినట్టు చూపించడం ఎవరికైనా చేతనవును. భయపెట్టేదే కానీ ప్రాణం తీయని లోపాన్ని ఏరి తేవడానికి మాత్రం లోతైన జ్ఞానం కావాలి. కర్రసాములో ఉస్తాదు కొట్టినట్టే విసిరి చివర్లో ఆపే దెబ్బ ఇలాంటిది. బెదిరినవాడి కాపు అక్కడే చెదురుతుంది. ఎంఐటీలో హాల్ లానింగ్ రూపొందించిన పద్ధతి ప్రకారం ఆ కంప్యూటర్, పని మీదపడితే తక్కువ ముఖ్యమైనవి పక్కన పెట్టి, ముఖ్యమైనవి నడిపించుకుపోతుంది. ఆ సంగతి కంట్రోలర్ల మనసుకు ఎక్కిందా లేదా అన్నదే కూస్ పెట్టిన పరీక్ష.

మర్నాడు అలారాల మీదే గంటల తరబడి కసరత్తు జరిగింది. ఏ అలారానికి వెనుదిరగాలో బేల్స్ నియమాల్లో చేర్పించాడు. వెనుక గదిలో పనిచేసే జాక్ గార్మన్‌కు 24 ఏళ్లు. వచ్చే అవకాశమున్న అలారాలన్నీ చేత్తో రాసి, ఆ కాగితం తన బల్ల మీది పారదర్శక ఫలకం కింద పెట్టుకున్నాడు.

జులై 20న అసలు నౌక దిగుతోంది. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తులో 1202 అలారం మోగింది. ఆ దశలో అవసరం లేని ఒక రాడార్ కంప్యూటర్ సమయాన్ని తినేస్తోంది. అర్థం చెప్పమని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. గార్మన్ బేల్స్‌కు చెప్పాడు, బేల్స్ సాగిపొమ్మన్నాడు, వ్యోమగాములతో మాట్లాడే చార్లీ డ్యూక్ ఆ మాట పైకి చేరవేశాడు. అలారం మోగిన అర నిమిషంలోపే ఇదంతా అయిపోయింది. అలారం మళ్లీ వచ్చింది. ఒకసారి 1201 కూడా వచ్చింది. వాళ్లు ఆగలేదు.

దీన్ని అదృష్టమనేవాళ్లతో నేను ఏకీభవించను. రాడార్ సంగతి కూస్‌కు ముందు తెలియదు, తెలియనక్కర కూడా లేదు. అలారం వినగానే దాన్ని పక్కన పెట్టి, నౌక అసలు ఎలా నడుస్తోందని చూసే అలవాటు ఆయన నేర్పాడు. ఆ అలవాటు ఉన్నవాళ్లకు ఏ అంకె వచ్చినా ఒకటే.

ఆర్మ్‌స్ట్రాంగ్ సాధనా ఇదే కోవలోది. బరువులో ఆరింట అయిదు వంతులను జెట్ ఇంజిన్ మోసే వాహనం మీద చంద్రుడి గురుత్వాన్ని భూమ్మీదే అనుభవంలోకి తెచ్చుకున్నాడు. 1968 మే 6న అది అదుపు తప్పితే చివరి క్షణంలో బయటికి దూకి బతికాడు. అయినా ఆ తరహా వాహనాలు నడపడం మానలేదు.

1969 ఆగస్టు 13న లాస్ ఏంజెలెస్ విందులో కంట్రోల్ బృందం తరఫున పురస్కారం అందుకున్నది బేల్స్. ఆ గౌరవంలో కూస్‌కు పెద్ద వాటాయే రావాలని నా అభిప్రాయం.