మేస్త్రీ చెవి

విజయవాడ ఆటోనగరున, నిలకడలేక వణకుచు వచ్చిన పాత పెట్రోలు అంబాసిడరు బానెట్టునెత్తి, పానా పట్టకమున్నే ఇంజను చప్పుడును చెవియొగ్గి వినెడి మేస్త్రీ నిదానము నాకు పరమ గౌరవాస్పదము. ఇంజను నడుచుచుండగనే ప్లగ్గు తీగెల నొక్కొక్కటిగా ఊడదీసి, ఏది తీసినను చప్పుడు మారదో ఆ సిలిండరే పని మానినదని నిశ్చయించి, దాని ప్లగ్గును విప్పి వెలుతురున పరీక్షించును. పొడి మసి పట్టినచో పెట్రోలు మితిమీరినదనియు, తెల్లబారినచో చాలకున్నదనియు, నూనెజిడ్డు తేలినచో బహుశః పిస్టను రింగులు అరిగినవనియు గ్రహించును. ప్లగ్గులు చక్కగానున్నచో డిస్ట్రిబ్యూటరు మూతతీసి, పాయింట్ల నడిమి సందును ఫీలరు గేజితో కొలుచును. అది అర మిల్లీమీటరైనను లేదు, కాని నిప్పురవ్వ బలము చాలవరకు దానిపై ఆధారపడియుండును. తోచిన భాగములన్నియు మార్చక, చెడినదానినే కనుగొని బాగుచేయునట్టి మేస్త్రీ దొరికినచో, పాఠకులారా, కూలికై బేరమాడకుడు.