క్లిఫ్ రిచర్డ్‌ను వినుట

ఆదివారమునాడు ఆబిడ్స్‌లో పెద్ద దుకాణములు మూతపడగా, వాని ముంగిటి కాలిబాటలమీద పాతపుస్తకముల వర్తకులు పట్టాలు పఱచి సరకు పేర్చుకొందురు. ఇంజనీరింగు గ్రంథములు, డిటెక్టివు నవలలు, పోటీపరీక్షల గైడులు, వీని నడుమ అట్టలు చినిగిన గ్రామఫోను రికార్డులు ఎప్పుడైన ఒకమాఱు కానవచ్చును. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖానునకు ఆంతరంగిక సేవకుడైయుండిన ఆల్బర్టు ఆబిడ్ ఇచ్చట నడపిన అంగడివలననే ఈ కూడలికి ఆ పేరు వచ్చెను గనుక, సముద్రములు దాటివచ్చిన వస్తువు ఈ వీథికి ఆదినుండియు పరాయిది కాదు. ఆ రికార్డుల దొంతరలో నేను వెదకునది ఒక్కటే పేరు, క్లిఫ్ రిచర్డ్. యౌవనమున మొదలయిన ఈ వెదకులాట వార్ధక్యమునను నన్ను విడువలేదు. విడువవలెనని నాకెన్నడును తోపలేదు.

ఆయన అసలు పేరు హ్యారీ రోజర్ వెబ్. పుట్టినది లక్నోలో, 1940వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన. తండ్రి మన రైళ్లకు భోజనసదుపాయములు చూచు ఒక సంస్థలో ఉద్యోగి. బాల్యము కొంత హౌరాలో గడచెను. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి యేడు, 1948లో, ఆ కుటుంబము ‘రాంచీ’ అను ఓడ నెక్కి ఇంగ్లండు చేరెను. ఆ బాలుడే పదేండ్ల తరువాత ‘మూవ్ ఇట్’ అను పాటతో ఆంగ్లదేశపు యువజనమును ఉఱ్ఱూతలూగించెను. మద్రాసులో 1936లో పుట్టిన ఎంగెల్బర్ట్ హంపర్డింక్‌ను కూడ చేర్చుకొన్నచో, అఱువదులనాటి బ్రిటిష్ జనప్రియగాయకులలో ఇద్దఱు ఈ నేలమీద కన్ను తెఱచినవారే. అయితే జన్మస్థానమును చూచి కలిగిన అభిమానము కాదు నాది. ఆయన మనదేశమున పుట్టినాడని తెలియుటకు ఎంతో ముందే ఆ కంఠము నన్ను వశపఱచుకొన్నది.

కళాశాలలో చదువుకొను దినములలో నాంపల్లి స్టేషనునకు చేరువ వీథిలో ఒక మేడగది యద్దెకు తీసికొని ఉండెడివాడను. రాత్రిబండ్లు కదలు చప్పుడు వినవచ్చుచుండగా, స్నేహితుని ట్రాన్సిస్టరులో షార్టువేవుమీద రేడియో సిలోనును పట్టుట మాకు నిత్యకృత్యము. మంత్రి బి.వి.కేస్కర్ 1952లో అధికారమునకు వచ్చి ఆకాశవాణిలో సినిమాపాటలను కుదించివేయగా శ్రోతలు సిలోనువైపు తిరిగిరన్న సంగతి ప్రసిద్ధమే. హిందీపాటలకై తిప్పిన ముల్లు మా గదిలో ఆంగ్లగీతములయొద్ద కూడ ఆగెడిది. షార్టువేవు ధ్వని ఒక నిలుకడగలది కాదు. ఒక పాదము స్పష్టముగ వినవచ్చినచో తరువాతి పాదము గురగురలో మునిగిపోవును. కనుక నోటుపుస్తకము ఒడిలో పెట్టుకొని, విన్న ధ్వనిని విన్నట్లు తెలుగులిపిలో వ్రాసికొని, తప్పిపోయిన పాదమునకు చోటు వదలి, ఆ పాట మరల వచ్చువఱకు వేచియుండి ఆ ఖాళీని పూరించెడివారము. ఎవరును మాకు నేర్పిన పద్ధతి కాదది. అప్పటికి ఆంగ్లము మాకు పాఠ్యపుస్తకములోని భాష, కంటితో నేర్చిన భాష. దానిని నా చెవికి పరిచయము చేసినవాడు క్లిఫ్ రిచర్డ్.

ఇందులకు కారణము ఆయన ఉచ్చారణ. తెలుగువారు గాయకునియందు మొట్టమొదట విచారించునది అక్షరశుద్ధి. ఘంటసాలను మనము నెత్తిని పెట్టుకొనుటకు రాగమెంత కారణమో, పదము చెడకుండ పలుకుట అంత కారణము. ఆ చెవితో వినినప్పుడు ఎల్విస్ ప్రెస్లీ పాటలో సగము మాటలు నాకు కరగిపోయెడివి. క్లిఫ్ పాటలో ఒక్క హల్లును జాఱెడిది కాదు. గొంతు దుడుకుగ విసరుట ఆయన ఎఱుగడని కాదు, ‘మూవ్ ఇట్’ వినినవారికి అది తెలియును; కాని గళమును తగ్గించుటలోని బలమును ఆయన త్వరలోనే కనుగొనెను. ‘లివింగ్ డాల్’ పాట దీనికి నిదర్శనము. లయొనెల్ బార్ట్ ఆ పాటను ఒక చలనచిత్రమునకై వేగపు నడకలో కట్టియుండగా, అది క్లిఫ్‌నకు రుచింపలేదు. ఆయన వాద్యబృందములో గిటారు వాయించు బ్రూస్ వెల్చ్ దానిని నెమ్మదిపఱచి పల్లెపాట ధోరణిలో నడపవచ్చునని సూచించెను. అట్లు మందగతికి దిగిన ఆ పాట 1959లో బ్రిటన్‌లో ప్రథమస్థానము నందుకొన్నది. వేగము తగ్గినపుడు గాయకునికి దాగుటకు చోటుండదు, ప్రతి శ్వాసయు బయటపడును. ఆ పాటను పాడిన తీరులో ఎక్కడను ఆయాసము లేదు, ప్రదర్శన లేదు. ఎదుట కూర్చున్నవానితో మాటాడినంత చనువుగ పాట సాగిపోవును. పి.బి.శ్రీనివాస్, ఏ.ఎం.రాజా పాటలను ప్రేమించువారికి ఈ గుణము సుపరిచితమే.

ఆయన బృందమైన షాడోస్‌ను కూడ ఇక్కడ తలపవలెను. హాంక్ మార్విన్ చేతిలోని ఎఱ్ఱని ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారు క్లిఫ్ అమెరికానుండి తెప్పించి యిచ్చినది. 1962 జనవరిలో, విడుదలకు ముందే ఐదులక్షలకు పైబడిన ప్రతులు కోరబడి, వచ్చుటతోడనే అగ్రస్థానమున నిలిచిన ‘ది యంగ్ వన్స్’ పాటను వినుడు: గాయకుడు ఆగిన చోట తీగ పలుకును, తీగ పలుకునపుడు గాయకుడు తొలగి నిలుచును. మఱుసటి యేడు బీటిల్స్ ప్రభంజనము వచ్చెను. నా మిత్రులలో పలువురు అటు మరలిరి, క్లిఫ్ పాతబడెననిరి. బీటిల్స్ తమ పాటలను తామే కట్టికొని క్రొత్తత్రోవ తెఱచినవారు, ఆ ఘనతను నేను కాదనను. క్లిఫ్ చాలవఱకు ఇతరులు కట్టిన పాటలను పాడెను. కాని త్యాగరాజకృతిని పాడువానిని, నీవు త్యాగరాజువు కావుగదా యని మనము తక్కువ చేయుదుమా? పాడుట స్వయముగ ఒక విద్య. 1968లో లండను ఆల్బర్ట్ హాలులో జరిగిన యూరోవిజన్ పోటీలో ‘కంగ్రాచ్యులేషన్స్’ పాడి స్పెయినుకంటె ఒక్క పాయింటుతో వెనుకబడి రెండవవాడుగ నిలిచినపుడును, 1979లో ‘వి డోంట్ టాక్ ఎనీమోర్’తో మరల అగ్రస్థానమున కెక్కినపుడును, 1995లో సర్ బిరుదము నందుకొన్నపుడును ఆ విద్య ఒక్కటే. ఎనుబదేండ్లు దాటినను ఆయన వేదికను విడువలేదు.

ఇక రికార్డుల సంరక్షణమును గుఱించి నాలుగు మాటలు, ఏలయన అభిమానమునకు చేయవలసిన పని కూడ కొంత కలదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డు లక్కతో చేసినది. బ్రిటన్ వానిని విడిచిన తరువాత కూడ కలకత్తా డమ్‌డమ్ కర్మాగారమున అవి అచ్చగుచుండెను, బీటిల్స్ పాటలు సహితము మనదేశమున 78 చుట్ల రికార్డులుగ వచ్చినవి. లక్క స్పిరిటులో కరగును, కనుక స్పిరిటుతో తుడువరాదు. కొంచెము తడిపిన మెత్తని నూలుగుడ్డతో గాడి వెంబడి గుండ్రముగ తుడిచి, నీడన ఆరనీయవలెను. 45 చుట్ల వినైలు రికార్డునకు గాడి సన్నము. పాత గ్రామఫోను ఉక్కుముల్లు దానిమీద మోపినచో పాట శాశ్వతముగ చెడును. ఏ రికార్డునైనను అంచులు పట్టి ఎత్తవలెను, పుస్తకమువలె నిలువుగ నిలుపవలెను. ఒకదానిపై నొకటి పేర్చినచో హైదరాబాదు ఎండకు క్రిందివి వంగిపోవును, వానకాలమున అట్టలకు బూజు పట్టును.

వినుటయందును నాకొక వరుస కలదు. ఒకసారి పాటను పాటగ విందును. రెండవసారి మార్విన్ గిటారును మాత్రము వెంబడింతును. మూడవసారి గాయకుడు ఊపిరి తీసికొను చోట్లను పట్టుకొందును. ఇట్లు విన్నపుడు, ఎన్నో యేండ్లుగ కంఠస్థమైన పాటలో సైతము ఇంతకుమున్ను గమనింపని ఒక విరామమో, ఒక మాటను తేలికగ వదలిన తీరో బయటపడును. నేటి పిల్లలు ఫోనులో పాటను సగమున దాటించి మఱొకదానికి పోవుట చూచినపుడు నాకు వారిమీద కోపము రాదు, జాలి కలుగును. వారి చెవులు మా చెవులకంటె తక్కువవి కావు, అవకాశమే తక్కువ.

కనుక పాఠకులారా, మీ యింటి అటకమీద తాతగారి కాలపు రికార్డులు, క్లిఫ్‌వే కానక్కఱలేదు, ఎవరివైనను ఉన్నచో, తుక్కు క్రింద తూచి అమ్మవలదు. దింపి, తుడిచి, తగిన ముల్లు వేసి, పిల్లలను దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఒక్క ప్రక్కనైన తుదివఱకు వినుడు.