డౌన్‌లోడ్స్‌లో ఊరందరి ఆధార్

మొన్న సోమవారం రెండు కాగితాలు ప్రింటు తీసుకుందామని హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాను. గ్రూప్స్‌కి చదివే పిల్లలు చేతుల్లో ఫైళ్లు పట్టుకుని బయటిదాకా నిలబడి ఉన్నారు. నా వంతు వచ్చాక, నా ఫైలు కోసం డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. గుండె జల్లుమంది. ఎవరెవరివో టెన్త్ మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాలు, హాల్ టికెట్లు, ఈ-ఆధార్ పీడీఎఫ్‌లు, కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి.

ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు పెద్దబడిలో, వాటి వెంట పుట్టిన సంవత్సరం. ఆ పేరు, ఆ సంవత్సరం రెండూ అదే ఫోల్డర్‌లో ఉన్న టెన్త్ మెమో మీద అచ్చయి ఉన్నాయి. తలుపుకి తాళం వేసి, తాళంచెవి గడపమీద పెట్టి వెళ్లారన్నమాట.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకి నా పట్టుదల తెలుసు. పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో మన మెయిల్ తెరవకూడదు, మన కాగితాలు దించకూడదు అని ఎన్నిసార్లు రాశానో. అశోక్‌నగర్‌కి ఆ మాట ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఒక్క కంప్యూటర్‌కి కాపలా సరిగ్గా లేకపోతే ఏమవుతుందో ఈ వీధులకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2022 అక్టోబరు 16న 503 పోస్టులకి గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. రెండు లక్షల ఎనభై వేలకి పైగా పిల్లలు రాశారు. 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. ఆ పరీక్ష పెట్టిన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో పనిచేసేవాళ్లే కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోంచి ప్రశ్నపత్రాలు తీశారన్నది పోలీసుల అభియోగం. ఆ వారం చిక్కడపల్లి లైబ్రరీ ముందు చూసిన ముఖాలు నేను మరచిపోలేదు.

కాబట్టి ఈ వారం నెట్ సెంటర్లని కడిగేద్దామనే కూర్చున్నాను. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కితే ఇన్‌కాగ్నిటో తెరుచుకుంటుందని, అయితే అందులో దించుకున్న ఫైళ్లు కిటికీ మూసినా అక్కడే ఉండిపోతాయని, అవి మనమే తీసేస్తే తప్ప పోవని. మరచిపోయి లేచొచ్చేస్తే ఇంటికెళ్లి ఫోన్లోంచే గూగుల్ ఖాతాలో ఆ కంప్యూటర్‌ని సైనవుట్ చెయ్యొచ్చని, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూసుకోవాలని. ఇవన్నీ నిజాలే, ఇప్పుడూ చెబుతున్నాను. అయితే రాస్తుంటే పాత సంగతి ఒకటి అడ్డొచ్చింది.

చాలా ఏళ్ల కిందట చిక్కడపల్లి సందులో ఒక డీటీపీ ఉండేది. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు, పెళ్లికార్డులు, కథల పుస్తకాలు. ఆపరేటర్ నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన బల్లమీద ‘కంప్యూటర్ ఎరా’ పాత సంచికలు అంచులు నలిగి ఉండేవి. నల్లమోతు శ్రీధర్ గారి సంపాదకత్వంలో వచ్చిన ఆ మాసపత్రిక తెలుగులో కంప్యూటర్ నేర్పింది. ఈ పేటల్లో ఎందరు ఆపరేటర్లకి అదే గురువో! ఒకరోజు నా పుస్తకం నూట ఎనభై పేజీలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రెస్సుకి పోయాను. అక్కడ తగిలిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. చిన్న బాణం గుర్తు, ఒక్కొక్కటి ఒకటో రెండో కేబీ. పుస్తకం మాయం. ఏడుపొక్కటే తక్కువ. పరుగున వెనక్కొచ్చాను.

అన్న ఫోల్డర్ మీద నొక్కలేదు. నొక్కబోయిన నా చెయ్యి పట్టుకున్నాడు. “అది ఫోల్డర్ కాదు, నొక్కితే దీనికీ ఎక్కుద్ది” అన్నాడు. నల్ల కిటికీ తెరిచి యాట్రిబ్ అని కొట్టాడు, పక్కన మైనస్ హెచ్, మైనస్ ఎస్. ఎంటర్ నొక్కాడు. నా పేజీలన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టిందంతే. “ఫైలు కనబడకపోతే పోయినట్టు కాదు. ముందు ఫార్మాట్ కొట్టకు, ఎవరినన్నా అడుగు” అన్నాడు. రూపాయి తీసుకోలేదు. యాట్రిబ్ కమాండ్ ఒక అట్టముక్క మీద రాసిచ్చాడు, ఇంకా నా దగ్గరుంది.

ఇదంతా తలుచుకున్నాక సోమవారం నాటి మిగతా సగం వేరుగా కనిపించింది. నేను ఆ ఫోల్డర్ చూసి కోపంగా కౌంటర్ దగ్గరికి వెళ్లేసరికి ఒక పెద్దావిడ ఫోన్ చాపి నిలబడి ఉంది. “బాబూ, కరెంటు ఈ రాత్రి తొమ్మిదిన్నరకి తీసేస్తారంట. ఇది నొక్కమంటున్నారు.” సెంటరబ్బాయి మెసేజ్ చదివాడు. కింద ఒక ఏపీకే ఫైలు. “నొక్కకమ్మా. కరెంటాఫీసోళ్లు ఇట్ల వాట్సాప్‌ల యాప్ పంపరు. ఇది ఎక్కిందంటే నీ ఓటీపీలన్నీ వాళ్లకే పోతయ్” అన్నాడు. నంబరు బ్లాక్ చేయించాడు. ఎప్పుడైనా పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యమని ఒక చీటీ మీద పెద్ద అంకెలు వేసిచ్చాడు. వెనక వరస కదలడం లేదని ఎవరో విసుక్కున్నా తొందరపడలేదు.

ఆవిడ పిల్లలు డల్లాస్‌లో ఉన్నారట. మనకి పొద్దున పదకొండైతే అక్కడ అర్ధరాత్రి. మోసగాడి ఫోను వచ్చేది ఆ పదకొండింటికే. ఎవరిని అడగాలి? డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టేవాళ్లు మొదట చెప్పేదేమిటి? తలుపు వేసుకో, ఎవరికీ చెప్పకు, వీడియో కాల్ ఆపకు. అలాంటి అరెస్టు చట్టంలో లేనేలేదని 2024 అక్టోబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లోనే చెప్పారు. అయినా గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషికి ఆ క్షణంలో అది గుర్తుకు రాదు. పక్కన ఒకరుంటే వాళ్లే చెబుతారు. మోసగాడికి కావాల్సింది మన పాస్‌వర్డ్ కంటే ముందు మన ఒంటరితనం. నారాయణగూడ అపార్టుమెంట్లలో, చిక్కడపల్లి పాత ఇళ్లల్లో ఎందరు పెద్దవాళ్లు అలా ఒంటరిగా ఉన్నారో మీకూ తెలుసు. వాళ్లని నెట్ సెంటర్‌కి పోవద్దని ఇన్నేళ్లు రాసింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోన్ పట్టుకుని వెళ్లండి, కౌంటర్‌లో అడగండి. కాగితాలు మాత్రం చెరిపించుకుని రండి.

ఆవిడ వెళ్లాక ఆ అబ్బాయికి ఫోల్డర్ చూపించాను. “రాత్రి షాపు బంద్ చేసేటప్పుడు తీసేద్దామనుకుంటా సార్, నిద్రొస్తది” అన్నాడు. ఇద్దరం స్టూళ్లు లాక్కుని కూర్చున్నాం. ఆధార్‌లు ముందు తీసేశాం, తర్వాత మెమోలు, తర్వాత రీసైకిల్ బిన్. ఒక హాల్ టికెట్ దగ్గర నేను డిలీట్ నొక్కబోతుంటే ఆపాడు.

“అది ఉండనియ్యండి సార్. ఆ పిల్లగానికి ఆదివారం ఎగ్జామ్. ప్రింట్ యాడనో పోగొట్టుకుంటడు, శనివారం మళ్లొస్తడు.”

దాన్ని వేరే ఫోల్డర్‌లోకి మార్చి, పేరు బదులు ‘ఆదివారం’ అని పెట్టాం.