కాకి గూటిలో కోయిల గ్రుడ్డు

1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కంప్యూటరు లెక్కలలో 75 సెంట్లు తేడా వచ్చినది. ఖగోళశాస్త్రజ్ఞుడు క్లిఫర్డ్ స్టోల్ ఆ తేడా వెంటబడి, జర్మనీ నుండి చొరబడుచున్న దొంగ జాడ తీసిన వృత్తాంతమే 1989లో వెలువడిన 'ది కకూస్ ఎగ్'.

ఈమాక్స్ అను సాధనములో ఉత్తరములు తరలించు భాగమునకు అచ్చట సర్వాధికారములు ఇచ్చియుండిరి. దాని మాటున దొంగ, కాకి గూటిలో కోయిలవలె, తన ప్రోగ్రామును పెట్టినాడు. కంప్యూటరే దానిని పొదిగినది. ఇతర చోట్ల, తయారీదారు ఇచ్చిన సంకేతపదములను మార్చకపోవుటయే అతనికి తలుపు తీసినది.

గ్రంథకర్త దీనిని అపరాధ పరిశోధన నవలవలె చెప్పినాడు, అది గుణమే. కాని సొంత ముచ్చట్లు పెరిగి, నివారణోపాయములకు చోటు తగ్గినది. ఐనను దొంగ నేర్పుకంటె మన ఏమరుపాటే పెద్దదని ఈ గ్రంథము చక్కగా చూపినది. తమ పాఠశాల కంప్యూటరు సంకేతపదము ఎందరికి తెలియునో ఉపాధ్యాయులు ఒకసారి విచారించుకొనవలెను.